కొండయెక్కిన పంతులుగారు

మన చోడవరమునకును ఆంధ్రదేశ విద్యాచరిత్రకును ఒక విషాద సంబంధము కలదు. పర్వతాలపేట ఠాణాలో రెవిన్యూ ఉద్యోగిగా నుండిన గిడుగు వీర్రాజుగారు ఇచ్చటికి బదిలీయై వచ్చి, 1875లో విషజ్వరమున మరణించిరి. అప్పటికి వారి కుమారుడు రామమూర్తికి పండ్రెండేండ్లు. ఆ బాలుడే పిమ్మట వ్యావహారిక భాషావాదమునకు నాయకుడయ్యెను. ఆ వాదమును గూర్చి మేమిప్పుడు ప్రసంగింపబోము. గ్రాంథికము వ్రాయు మాకది శోభింపదు కూడ. ఆయన కొండ ప్రయాణములను గూర్చియే చెప్పబూనితిమి.

రామమూర్తిగారు 1880లో నెలకు 30 రూపాయల జీతముమీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ఆ ప్రాంతపు కొండలు సవరల నివాసములు. సవరభాష తెనుగునకు గాని ఒడియాకు గాని జ్ఞాతి కాదు. అది ముండా వర్గములోనిది; దాని దూరపు బంధువులను వెదకవలెనన్న కాంబోడియా, వియత్నాము దేశములదాక పోవలెను. పంతులుగారు రెండు భాషలును ఎరిగిన యొక మనుష్యుని తమ యింట నుంచుకొని దానిని నేర్చిరి. అంతటితో తృప్తినొందక సవర పల్లెలకు తిరిగిరి. ఆ తిరుగుళ్లలో మలేరియా సోకగా, క్వినైను సేవించి సేవించి తుదకు వినికిడి కోల్పోయిరని చెప్పుదురు.

ఈ శ్రమకు ఫలమేమి? సవరభాషలో పుస్తకములు పుట్టినవి. ఆయన సొంత ధనముతో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవర బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. 1913లో ప్రభుత్వము వారికి రావు బహదూరు బిరుదమిచ్చెను. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర-ఆంగ్ల నిఘంటువును వెలువడినవి. పర్లాకిమిడి 1936లో ఒరిస్సా రాష్ట్రమున చేరగా వారు రాజమహేంద్రవరమునకు తరలిరి, 1940లో కీర్తిశేషులైరి.

సంస్కృతమును, ఇంగ్లీషును చదివి పట్టము పొందిన మేము ఈ చరిత్రను చాలకాలము పూజార్హమని తలచితిమే గాని, ఆచరణీయమని తలపలేదు. మా తరగతిలో పాడేరు కొండలనుండి వచ్చిన బాలుడొకడుండెను. ప్రశ్నించిన తల వంచుకొనును. లెక్కలలో మందుడని మేమే వ్రాసితిమి. ఒకమారు మాడుగుల మీదుగా కొండకు పోయి, సంతలో వానిని చూచితిమి. వాడు తన అవ్వ తెచ్చిన పసుపును, చింతపండును షావుకారు తూచుచుండగా, ఒక చెవితో తెనుగు విని, ఆమెకు తమ మాటలో చెప్పుచు, వీసమైన తప్పకుండ నోటిలెక్క కట్టుచుండెను. షావుకారు తక్కువ చెప్పినచోట నిలదీసెను కూడ. మందులము మేమే యని నాడు గ్రహించితిమి.

కొండబిడ్డకు బ్రతుకుతెరువు తెనుగు, ఇంగ్లీషులవలననే గదా, ఇంటిభాష యెందుకని కొందరందురు. ఆ భాషలు కావలసినవే, కాదనము. కాని మెట్టు లేక మేడ యెక్కుమనుట న్యాయమా? తెలిసినదానినుండియే తెలియనిదానికి పోవలెను. బిడ్డకు తెలిసినదేమో గురువునకు తెలియనప్పుడు తొలిమెట్టు వేయువారెవ్వరు?

2004 ప్రాంతమున మన ప్రభుత్వము సవర, కువి, కోయ మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనకు పూనుకొనెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధింపుమనుచున్నది. శాసనములు కలవు, వాచకములు కలవు. వానిని చేతబట్టు గురువు కొండయెక్కి చూడనిచో అవి బీరువాలో నుండును.

సెలవులు వచ్చినంతనే కాశీ, రామేశ్వరములకు టిక్కెట్లు కొనుచున్నాము. మంచిదే. వానిలో నాలుగు దినములు తీసి, మన తరగతిలో తల వంచుకొని కూర్చున్న బిడ్డ యూరికి పోవుదము. బోధించుటకు కాదు, వినుటకు. పంతులుగారు వినికిడి ధారపోసి చూపిన దారి యది. చెవులున్న మనము నడువలేమా?