చేతి అచ్చు పలకరింపు: గ్రీటింగ్ కార్డు వెనుక కథ



క్రిస్మస్ దగ్గర పడుతోంది. "ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే వంద మందికి శుభాకాంక్షలు పోతాయి కదా, మళ్లీ ఈ కత్తెరలు, రంగులు, అచ్చులు ఎందుకు?" అని సంఘంలో కొందరు అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. డ్రాయింగ్ షీట్లకు, సిరాకు డబ్బులు కావాలి. పత్తి ఏరే రోజుల్లో, పూల తోటల్లో కోతలు నడిచే రోజుల్లో పిల్లల శనివారాలు కూడా పోతాయి. ఈ ఏడు కార్డులు చేయిద్దామా, మానేద్దామా అన్నది వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుని తేలుస్తారు. ఆలోపు ఈ పని మన దాకా ఎట్లా వచ్చిందో తెలిస్తే మంచిదని ఇది రాస్తున్నాం. కొంచెం పొడవుంటుంది, ఓపికతో చదవండి.

ముందు ఉత్తరం ఖర్చు సంగతి. ఇంగ్లండులో 1840కి ముందు ఉత్తరం అందుకున్నవాళ్లే సాధారణంగా డబ్బు కట్టేవాళ్లు, దూరాన్ని బట్టి ధర పెరిగేది. పేదవాడి ఇంటికి ఉత్తరం వస్తే సంతోషం కంటే భయమే ఎక్కువ. రోలండ్ హిల్ అనే ఆయన పట్టుబట్టడంతో 1840లో ఒక్క పెన్నీకే దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పోయే పద్ధతి వచ్చింది. పంపేవాడే ముందుగా కట్టి బిళ్ల అంటించాలి. ఆ పద్ధతిని నిలబెట్టడంలో పనిచేసినవాళ్లలో హెన్రీ కోల్ ఒకరు. నాలుగేళ్లు తిరగకుండానే ఆయనకే ఇబ్బంది వచ్చింది. పండగకు వచ్చిన ఉత్తరాలన్నిటికీ జవాబు రాయాలి, తీరిక లేదు. 1843లో జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో ఒక బొమ్మ గీయించి, రాతి అచ్చు మీద వెయ్యి ప్రతులు తీయించి, రంగులు చేత్తో వేయించాడు. క్రిస్మస్ కార్డు చరిత్ర అక్కడ మొదలవుతుందని చెబుతారు. తాను వాడగా మిగిలినవి ఒక్కోటి ఒక షిల్లింగుకు అమ్మకానికి పెట్టారు. అప్పట్లో పొలం కూలీకి అది దాదాపు ఒక రోజు కూలి. అంటే మొదటి కార్డు పేదవాడి కోసం చేసింది కాదు.

ఆ బొమ్మలో ఏముందో చూస్తే మాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మూడు భాగాలుగా ఉంటుంది. మధ్యలో ఒక పెద్ద కుటుంబం బల్ల చుట్టూ చేరి ద్రాక్షారసం గ్లాసులు ఎత్తి పట్టుకుంటుంది, చిన్న పిల్లకు కూడా తాగిస్తుంటారు. ఒక పక్క ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, ఇంకో పక్క బట్టలు లేనివారికి బట్టలు ఇవ్వడం. మధ్య బొమ్మను చూసి మద్యపాన నిషేధ ఉద్యమం వాళ్లు మండిపడ్డారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. మన ఊళ్లలో ఆ గ్లాసు ఎన్ని ఇళ్లు కూల్చిందో మీకు చెప్పనక్కర్లేదు. కానీ ఆ గొడవలో పక్క బొమ్మలు రెండూ మరుగున పడ్డాయి. కార్డు అంటే పండగ భోజనం ఒక్కటే కాదు, పక్కింటి ఆకలి కూడా అని మొదటి రోజునే ఆ చిత్రకారుడు గీసి పెట్టాడు. తరువాత వచ్చిన లక్షల కార్డుల్లో ఆ రెండు పక్కలూ మాయమై మంచు, గంటలు, ఎర్ర రిబ్బను మిగిలాయి.

అమెరికాలో లూయీ ప్రాంగ్ అనే జర్మనీ వలసదారు 1870లలో బోస్టన్ నుంచి రంగురంగుల రాతి అచ్చు కార్డులు తెచ్చాడు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఒక్క బొమ్మకు ఇరవై రాళ్ల దాకా వాడేవాడట. ఒక రాయి వెంట్రుకవాసి పక్కకు జరిగినా ముఖం మీద పెదవుల రంగు చెంపకు పోతుంది. మన పిల్లలు రెండు రంగుల అచ్చు కొట్టేటప్పుడు పడే తిప్పలే అవి, కాకపోతే పది రెట్లు.

ఇక మన దేశం. ఇక్కడ 1854లో అర అణాకు దేశమంతా ఉత్తరం పోయే పద్ధతి వచ్చింది. 1879 జూలైలో కాలణా పోస్టుకార్డు వచ్చింది. మన ప్రాంతం అప్పుడు నిజాం సంస్థానంలో ఉంది కాబట్టి మనకు వేరే తపాలా. 1869 నుంచి హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా బిళ్లలు ఉండేవి. తర్వాత వచ్చిన బిళ్లల మీద పారశీ లిపితో పాటు ఇంగ్లీషు, మరాఠీ, తెలుగు అక్షరాలు కూడా చెక్కారు. గోటి వెడల్పు బిళ్ల మీద నాలుగు లిపులు పట్టించాలంటే ఉక్కు మీద తిరగేసి చెక్కే చేతికి ఎంత ఓపిక ఉండాలో!

తిరగేసి చెక్కడం అన్నాం కదా, అసలు సంగతి అక్కడే ఉంది. ఏ అచ్చుకైనా ప్రాణం అదే. తెలుగు అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. తలకట్టు, గుడి, వత్తు అన్నీ తిరగబడాలి. ఈ పని మొదట మన దేశంలో కూడా జరగలేదు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ తరంగంబాడిలో, మద్రాసులో పనిచేసి, 1743లో స్వదేశం వెళ్లిపోయాడు. 1746, 1747 సంవత్సరాల్లో హాలే పట్టణంలో తెలుగు అక్షరాలతో చిన్న చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా లెక్కించేవి అవే. ఆయన చేసిన తెలుగు బైబిలు అనువాదం మాత్రం అచ్చుకు నోచుకోలేదు.

లోహపు అక్షరం పుట్టే తీరు పిల్లలకు చెబితే కండ్లు పెద్దవి చేసుకుని వింటారు. ముందు ఉక్కు కడ్డీ చివర అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు. అది తల్లి అచ్చు. దాన్ని మెత్తని రాగి ముక్క మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే రాగిలో అక్షరం గుంటగా పడుతుంది. ఆ గుంటలో కరిగిన సీసం పోస్తే అక్షరం తయారు. ఒక్క తల్లి అచ్చు నుంచి వేల అక్షరాలు. బెంగాల్లో ఈ చెక్కుడు పనిలో పేరు తెచ్చుకున్నవాడు పంచానన్ కర్మకార్. కమ్మరి పని చేసే వంశం ఆయనది. విలియం కేరీ, ఆయన మిత్రులు శ్రీరాంపూర్‌లో అచ్చుశాల పెట్టినప్పుడు అక్షరాలకు పునాది వేసింది ఆయన చేతులే. బైబిలు అనువాదం అనగానే మనం కేరీ గారిని తలుచుకుంటాం. ఆ కమ్మరిని తలుచుకునేవాళ్లు తక్కువ. అది సరికాదని మా అభిప్రాయం.

1812 మార్చి 11 సాయంత్రం ఆ అచ్చుశాలకు నిప్పంటుకుంది. కాగితం, రాతప్రతులు, పలు భాషల సీసపు అక్షరాలు అన్నీ పోయాయి. ఏళ్ల తరబడి చేసిన పని ఒక్క రాత్రిలో బూడిద. కానీ బూడిద తవ్వి చూస్తే ఉక్కు తల్లి అచ్చులు, రాగి గుంటలు చెడకుండా దొరికాయి. కరిగి ముద్దలైన సీసాన్నే పోగుచేసి, మళ్లీ కరిగించి, ఆ గుంటల్లోనే పోసి అక్షరాలు తీశారు. కొద్ది వారాల్లోనే పని మళ్లీ మొదలైంది. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడి నుంచే వెలువడ్డాయి.

లోహం కంటే ముందే మన వాళ్లకు చెక్క అచ్చు తెలుసు. కృష్ణా తీరంలో మచిలీపట్నం, పెడన కలంకారీ బట్టలన్నీ అచ్చు పనే. టేకు చెక్క మీద పువ్వు గీసి, చుట్టూ చెక్కేసి, పువ్వును పైకి నిలబెడతారు. గీతలకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. అక్కడి నలుపు రంగు తయారీ చూస్తే దేవుడు మన చేలగట్లలోనే ఎన్ని దాచి పెట్టాడో అనిపిస్తుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. బట్టను ముందే కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. ఇనుప నీళ్లు అద్దిన అచ్చు ఆ బట్ట మీద పడగానే, కరక్కాయ వగరు, ఇనుము కలిసి నలుపు తేలుతుంది. యూరపులో వందల ఏళ్లు పుస్తకాలు, దస్తావేజులు రాసిన నల్ల సిరా కూడా ఇదే కలయిక, కరక్కాయకు బదులు అక్కడ సింధూర చెట్టు మీద పుట్టే బుడిపెలు.

ఎరుపు ఇంకా చిత్రం. అచ్చుతో అద్దేది ఎరుపు కాదు, పటిక నీళ్లు. అద్దినప్పుడు పెద్దగా ఏమీ కనపడదు. తర్వాత బట్టను చిరివేరు లాంటి వేళ్ల రంగులో ఉడకబెడితే పటిక పడ్డ చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది ఉతుకులో పోతుంది. ఇప్పుడు చాలామంది కొనుక్కొచ్చిన రంగే వాడుతున్నారు. తెరల మీద, యంత్రాల మీద అదే డిజైను చవగ్గా దిగుతుంటే చెక్క చెక్కేవాళ్లకు పని తగ్గుతోంది. మన సంఘంలో వచ్చిన ప్రశ్నే వాళ్ల ముందూ ఉంది, కాకపోతే వాళ్లకు అది తిండి ప్రశ్న.

కార్డును ఆకారంగా కోసే డై సంగతి చూడాలంటే పెడన దాకా పోనక్కర్లేదు. మన చేవెళ్లలో బస్సెక్కి పట్నం పోయి పాతబస్తీ ఛత్తాబజార్‌లో నిలబడితే చాలు. పెండ్లి పత్రికల వీధి అది. ప్లైవుడ్ చెక్కలో సన్నని గాడి కోసి, అందులో పదునైన ఉక్కు పట్టీని కావలసిన ఆకారంలో వంచి దిగేస్తారు, పక్కన రబ్బరు ముక్కలు అతికిస్తారు. మిషన్ నొక్కగానే ఉక్కు కోస్తుంది, రబ్బరు కాగితాన్ని వెనక్కు నెడుతుంది. మడత కోసం పెట్టే పట్టీకి మాత్రం పదును ఉండదు. అదే లెక్కతో ఇప్పుడు ఇంట్లో చేత్తో తిప్పే చిన్న మిషన్లు, నక్షత్రం, పువ్వు డైలు దొరుకుతున్నాయి. మన సంఘానికి అంత ఖర్చు అక్కర్లేదని మా మాట.

ఇంకొక కార్డు గురించి చెప్పకుండా ఉండలేం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చెకోస్లొవేకియాలో రుడాల్ఫో అనే గ్రామానికి యునిసెఫ్ పాలు, మందులు పంపింది. యిత్కా సామ్‌కోవా అనే ఏడేళ్ల పాప కృతజ్ఞతగా బొమ్మ వేసింది, స్తంభం చుట్టూ ఆడుకుంటున్న పిల్లలు. వేయడానికి కాగితం లేక అద్దం పలక మీద వేసింది. 1949లో యునిసెఫ్ ఆ బొమ్మతోనే తన మొదటి గ్రీటింగ్ కార్డు అచ్చు వేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ కార్డుల అమ్మకం డబ్బు పిల్లల పాలకు, మందులకు పోయింది. హెన్రీ కోల్ కార్డులో పక్కకు నెట్టిన బొమ్మలు నూరేళ్ల తర్వాత ఒక పల్లెటూరి పాప చేతిలో మధ్యకు వచ్చాయి.

పౌలు గారి పత్రికలు చదివినప్పుడు కూడా మాకు ఈ చేతి సంగతే గుర్తొస్తుంది. ఆయన చాలావరకు చెప్పి రాయించేవాడు. రోమా పత్రిక రాసిన చేయి తెర్తియుది. అయినా వందనం మాత్రం తన చేత్తో రాయడం ఆయనకు అలవాటు, అది తన గుర్తు అని సంఘాలకు తెలిపాడు. గలతీయులకైతే ఎంత పెద్ద అక్షరాలతో రాశాడో చూడమన్నాడు. రోమా చివరి అధ్యాయంలో పేరు పేరునా ఎంతమందిని పలకరించాడో లెక్కపెట్టి చూడండి. అందరికీ కలిపి ఒక్క మాట పంపి ఊరుకోలేదు.

కార్డులు చేయాలని పెద్దలు నిర్ణయిస్తే పద్ధతి ఇదీ. పెన్సిల్ తుడిచే రబ్బరు చాలు. పలుచని కాగితం మీద పెన్సిలుతో అక్షరం మామూలుగానే రాసి, బోర్లా పెట్టి గోటితో రుద్దితే రబ్బరు మీద తిరగబడి దిగుతుంది, దాని చుట్టూ చెక్కడమే. చిన్నవాళ్ల చేతికి బ్లేడు ఇవ్వొద్దు, వాళ్లకు బెండకాయ అడ్డంగా కోసి ఇస్తే పువ్వు, ఆలుగడ్డ సగానికి కోసి పెద్దవాళ్లు చెక్కి ఇస్తే నక్షత్రం. స్టాంపు ప్యాడ్ సిరా నునుపైన కాగితం మీద ఆరదు, మరకలవుతుంది. గరుకు డ్రాయింగ్ షీటే తీసుకోండి. పసుపు నీళ్లతో వేసిన రంగు ఎండకు వెలిసిపోతుంది, కవరు లోపల పెట్టేవాటికే వాడండి. మంచు, దేవదారు చెట్టు ఈసారి వద్దు. ముడిమ్యాలలో మంచు ఎవరు చూశారు? మొయినాబాద్ నుంచి చేవెళ్ల దారి పొడుగునా మర్రిచెట్లు ఉన్నాయి కదా, రాలిన మర్రాకు వెనక వైపు ఈనెలకు సిరా రాసి, మీద కాగితం పెట్టి అదిమితే అంత అందమైన అచ్చు ఏ అంగడిలోనూ దొరకదు.

ఫోన్ లేని ఇళ్లు, ఫోన్ ఉన్నా కండ్లు కనపడని ముసలివాళ్లు, పిల్లలు దూరాన ఉన్న తల్లులు ఎవరెవరున్నారో పేర్ల చిట్టా ఒకటి రాస్తున్నాం. మీ వాడలో ఎవరైనా ఉంటే శనివారం లోపు చెప్పండి. ఆదివారం ఆ చిట్టా, షీట్ల ధర, రెండూ పెద్దల ముందు పెడతాం.