ఆయి కథకు వోచరు ఎక్కడ?

మా ఉప్పళం పేరులోనే ఉప్పు ఉంది. తమిళంలో ఉప్పళం అంటే ఉప్పు పండించే చోటు. సముద్రం ఒడ్డున ఉన్న పుదుచ్చేరికి మంచినీళ్ళు ఎంత ముఖ్యమో ఈ ఒక్క పేరు చాలు చెప్పడానికి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రిటైరయ్యాక సాయంత్రాలు భారతి పార్కుదాకా నడవడం నాకు అలవాటు. ఊరినుంచి చుట్టాలు వస్తే, మొక్కలు ఇష్టపడేవాళ్ళను ఫ్రెంచివాళ్ళు 1826లో మొదలుపెట్టిన బొటానికల్ గార్డెన్‌కు తీసుకెళతాను, చరిత్ర కావాలన్నవాళ్ళను భారతి పార్కుకు. ఈ పార్కు ఉన్నచోట ఒకప్పుడు ఫ్రెంచివారి కోట ఉండేది. 1761లో ఇంగ్లీషువాళ్ళు ఊరు పట్టుకుని దాన్ని నేలమట్టం చేశారు. ఇప్పుడక్కడ పెద్ద చెట్లు, పిల్లల ఆటలు, బెంచీల మీద కునుకుతీసే నాబోటివాళ్ళు. మధ్యలో తెల్లటి ఆయి మండపం.

మండపం కథ నేను కొన్నేళ్ళపాటు అందరికీ చెప్పాను. శ్రీకృష్ణదేవరాయలు ఈ దారిన వెళుతూ దూరంగా దీపాలతో వెలిగిపోతున్న ఒక భవనం చూశాడట. గుడి అనుకుని చేతులు జోడించాడట. తీరా అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసింది. కోపంతో కూల్చేయమన్నాడు. ఆమె ఏడ్చి, బతిమాలి, తానే ఇల్లు కూల్చి అక్కడ జనం కోసం చెరువు తవ్వించింది. మూడు వందల ఏళ్ళ తర్వాత ఫ్రెంచివాళ్ళు ఆ నీళ్ళనే పట్నానికి తెచ్చారు. ఆ కథ విన్న మూడవ నెపోలియన్ చక్రవర్తి మురిసిపోయి ఆమె పేరున మండపం కట్టించాడు.

కథలో మన రాయలు ఉన్నాడు కదా, తెలుగువాణ్ణి, కాస్త గర్వంగానే చెప్పేవాణ్ణి. ఒకసారి మా బావమరిది అంతా విని, "బాగుంది బావా, దీనికి వోచరు ఎక్కడ?" అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ పద్దుల్లో వోచరు లేని బిల్లు ఒక్కటీ పాస్ చేయలేదని గొప్పలు పోయేవాణ్ణి నేనే. సమాధానం లేక సిగ్గేసింది. అప్పటినుంచి వెతకడం మొదలుపెట్టాను.

రాయలు ఈ వైపు రానేలేదని నేను అనడం లేదు. తిరువణ్ణామలైలో, చిదంబరంలో ఆయన పేరున గోపురాలున్నాయి. కాని కథకు ప్రాణం ప్రయాణం కాదు, వేశ్య ఇంటికి దండం పెట్టడం రాజుకు అవమానం అన్న మాట. అక్కడే చిక్కొచ్చింది. రాయలు బతికుండగానే, 1520 ప్రాంతంలో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరం చూశాడు. అతని రాతలను రాబర్ట్ సీవెల్ 1900లో ఇంగ్లీషులో అచ్చువేశాడు. అందులో పేస్ ఏమంటాడంటే, వేశ్యలు నగరంలో మంచి వీధుల్లో ఉంటారు, రాణుల దగ్గరికి వెళ్ళి వాళ్ళతోపాటు తాంబూలం వేసుకునే చనువు కూడా వాళ్ళకుంది. అంతేకాదు, రాయల ముగ్గురు పెద్ద భార్యల్లో ఒకామె, ఆయన రాజు కాకముందు ప్రేమించిన వేశ్యేనట. ఆమె కోసం ఒక కొత్త పట్నమే కట్టించాడట.

పేస్ కూడా కొంత విన్నమాటే రాసి ఉంటాడు, కాబట్టి ఇది తుది తీర్పు కాదు. కాని ఒకపక్క ఆ కాలపువాడు కళ్ళతో చూసి రాసిన పుస్తకం, మరోపక్క ఎవరు ఎప్పుడు చెప్పారో తేలని కథ. ఏ ఆడిటరైనా దేన్ని నమ్ముతాడు? వేశ్య ఇల్లు కనబడితేనే మైలపడిపోయే ఆ రాజు నాకు పదహారో శతాబ్దపు రాయల్లా కనబడడు, చాలా తర్వాతి కాలపు పెద్దమనుషుల మనసులో పుట్టినవాడిలా కనబడతాడు. పైగా చూడండి, పొరబడింది రాజు, ఇల్లు పోయింది ఆమెది. ఆ అన్యాయాన్ని త్యాగమని మెచ్చుకుంటూ ఇన్నేళ్ళు చెప్పాను. మూఢనమ్మకమంటే బాణామతి, చేతబడి మాత్రమే అనుకునే మనం ఇలాంటివాటిని చరిత్ర పేరుతో అడగకుండానే మింగేస్తాం.

ఇక నీళ్ళ సంగతి. ఇది కథ కాదు. 1860ల్లో లామెరెస్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఊరికి పడమట ఉన్న ముత్తిరపాలయం నుంచి ఈ పార్కుదాకా నీళ్ళు తెచ్చాడు. పడమర మెరక, తీరం పల్లం. ఉప్పుగాలి తినే ఊరికి తియ్యటి నీళ్ళు రావడమంటే ఎంత పండగో మా ఉప్పళం వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మూడవ నెపోలియన్ ఈ ఊరి మొహం ఎన్నడూ చూడలేదు, మండపం మాత్రం ఆయన ఏలుబడిలోనే లేచింది. కాలువ తవ్విన కూలీల పేర్లు ఏ కథలోనూ లేవు.

పోయిన నెల మళ్ళీ చుట్టాలొచ్చారు. ఆయి కథ చెప్పాను, ప్రతి వాక్యం చివరా "అట" తగిలించి. తర్వాత పేస్ సంగతి, లామెరెస్ సంగతి చెప్పాను. మా పెద్దమ్మ కోడలికి అంత నచ్చలేదు. "మొదటి కథే బాగుంది అన్నయ్యా" అంది. బాగుంది, నేను కాదనలేదు. వాళ్ళ అబ్బాయి మాత్రం ఆ ముత్తిరపాలయం ఎటువైపో చూపించమని పట్టుబట్టాడు. మర్నాడు ఆటోలో వెళ్ళొచ్చాం.