ఫతే మైదాన్ నుంచి గచ్చిబౌలి దాకా

మాది అగళి. మడకశిర తాలూకాలో కర్ణాటకను ఆనుకుని ఉన్న ఊరు. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. మా పెద్దలు పనుల మీద పెనుకొండ వైపు కన్నా శిరా వైపే ఎక్కువ తిరిగారు. ఇంట్లో మాట్లాడే ఉర్దూలో సగం కన్నడం, బయట మాట్లాడే తెలుగులో మిగతా సగం. బతుకుతెరువు కోసం నేను వచ్చి పడింది హైదరాబాద్ పడమటి అంచున, గచ్చిబౌలి పక్కన. ఇక్కడి ఉర్దూ వాళ్లకు నాది ఉర్దూ కాదు. ఇక్కడి తెలుగు వాళ్లకు నాది తెలుగూ కాదు. ‘ఏ ఊరు మీది?’ అని రెండు భాషల్లోనూ అడిగించుకుంటూ ఈ నగరం ఎట్లా పెరిగిందో చూశాను. ఆటల పేరు చెప్పి పెరిగిన నగరం ఇది. అందుకే ఆటల దారి వెంట దీని చరిత్రను వెతకాలనిపించింది.

మొదట మా ఊరికీ ఈ ఊరికీ ఉన్న చుట్టరికం చెప్పాలి. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను పట్టుకుంది. మొగలులు శిరాను గెలిచి సుబాగా చేసుకున్నదీ ఆ ఏడాదే. ఆ సుబాలోని ఏడు పరగణాల్లో పెనుకొండ ఒకటి. గోల్కొండను ముట్టడించిన సైన్యం గుడారాలు వేసిన చోటుకు గెలుపు గుర్తుగా ఫతే మైదాన్ అని పేరు వచ్చిందంటారు. గెలిచిన పాదుషా ముస్లిమే, ఓడి ఖైదీగా పోయిన తానాషా ముస్లిమే. ఆ తానాషా కొలువులో పెత్తనం చేసిన అక్కన్న మాదన్నలు బ్రాహ్మణులు. మన చరిత్రను ఇండియా పాకిస్తాన్ మ్యాచ్‌లాగా చదివేవాళ్లు ఈ మైదానం దగ్గర ఎవరి వైపు చప్పట్లు కొడతారో నాకు తెలియదు. 1967లో ఫతే మైదాన్ స్టేడియానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. పాతబస్తీ ముసలివాళ్లు మాత్రం చాలాకాలం పాత పేరుతోనే పిలిచారు.

హైదరాబాద్‌కు ఆటలంటే మొదట్నుంచీ పిచ్చి. నవాబులకు పోలో, గల్లీ పిల్లలకు ఫుట్‌బాల్. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం సంస్థానంలోకి వచ్చినప్పుడు ఆ చర్యకు ‘ఆపరేషన్ పోలో’ అని పేరు పెట్టారు. ఇక్కడ పోలో మైదానాలు ఎక్కువ కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. మనం ‘పోలీస్ యాక్షన్’ అంటాం. ఐదు రోజుల్లో యుద్ధం అయిపోయింది. తర్వాత జరిగింది మాత్రం ఐదు రోజుల్లో అయిపోలేదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. రజాకార్లు చేసిన దౌర్జన్యాల గురించి మనకు బడి పుస్తకాలూ చెప్పాయి, సినిమాలూ చెప్పాయి. చెప్పాల్సిందే. ఈ రెండో లెక్క మాత్రం ఇంట్లో నానీ గొంతు తగ్గించి చెబితే తప్ప తెలియలేదు.

ఆ రోజుల్లో ముస్లిం ఉద్యోగులు ఎంతోమంది కొలువులు పోగొట్టుకున్నారు. కొందరు పాకిస్తాన్ వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు తల వంచుకుని ఉన్నారు. సరిగ్గా అప్పుడే, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ ఢిల్లీలో డ్యూరండ్ కప్పు గెలిచింది. ఆ ఏడాదే బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచి, 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు. పోలీస్ యాక్షన్‌లో చితికిన ఊరికి ఒక పోలీస్ టీమ్ తల ఎత్తుకునే కారణం ఇచ్చింది. చరిత్రలో ఇట్లాంటి వెటకారాలు ఎవరూ కల్పించక్కర్లేదు.

ఆ టీమ్ వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. ఊరంతా రహీం సాబ్ అనేవారు. ఆయన పాఠం చెప్పే పద్ధతి వేరు. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ సోకు చేయకూడదని డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టాడు. కుడికాలి వాటం ఉన్నవాణ్ణి ఎడమకాలితోనే ఆడమని పోటీలు పెట్టాడు. నీ దగ్గరికి వచ్చిన బంతి నీది కాదు, పక్కవాడికి అందించు అని నేర్పాడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన తయారు చేసిన భారత జట్టు ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఈ దేశం అంతకు మించి ఎన్నడూ ఎక్కలేదు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారం. అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. 1963 జూన్‌లో పోయాడు.

మెల్‌బోర్న్ జట్టులో హైదరాబాదీలు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. వాళ్ల పక్కనే సికింద్రాబాద్ పిల్లవాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. హైదరాబాద్‌లోనే పుట్టిన పీటర్ తంగరాజ్ గోల్ కాశాడు. గంగా జమునా తెహజీబ్ అని మనం ఊరికే పాడుకునే మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు. ఆ తెహజీబ్ నవాబుల దివాన్‌ఖానాల్లో ఉండేదని రాస్తారు గానీ, అది బతికింది గల్లీల్లో, మట్టి మైదానాల్లో. బార్కస్ సంగతే తీసుకోండి. ‘బారక్స్’ నుంచి వచ్చిన పేరు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు స్థిరపడ్డ బస్తీ. సైన్యం పోయింది, కొలువు పోయింది. పిల్లల కాళ్ల దగ్గర ఫుట్‌బాల్ మిగిలింది.

రహీం సాబ్ తరం తర్వాత వచ్చినవాళ్లు హైదరాబాద్‌లో నిలబడలేదు. నిలబెట్టే క్లబ్బు, జీతం, ప్రేక్షకులు కలకత్తాలో ఉన్నారు. నయీముద్దీన్ పోయాడు, హబీబ్ పోయాడు, అతని తమ్ముడు అక్బర్ పోయాడు, తర్వాత షబ్బీర్ అలీ పోయాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నయీముద్దీన్ కెప్టెన్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో పురుషుల జట్టుకు దొరికిన చివరి పతకం అది. 1977లో పెలే కలకత్తా వచ్చి కాస్మాస్ తరఫున ఆడినప్పుడు మోహన్ బగాన్ 2-2తో నిలువరించింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. బెంగాలీలు హబీబ్‌ను నెత్తిన పెట్టుకున్నారు. 2023 ఆగస్టు 15న హబీబ్ హైదరాబాద్‌లో చనిపోయాడు. మా ఆఫీసులో ఆ మర్నాడు ఆ పేరు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. అతనిది కలకత్తా.

ఇక గచ్చిబౌలి. గచ్చుతో కట్టిన బావి అని పేరులోనే ఉంది. చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చదివితే ఒక చరిత్ర పుస్తకం చదివినట్టే. కంచ గచ్చిబౌలి అంటే పశువుల మేతకు వదిలిన నేల. రాయదుర్గ్ పాయెగా, రాయదుర్గ్ పాన్‌మక్తా, రాయదుర్గ్ నౌఖల్సా, మణికొండ జాగీర్. పాయెగా సర్దార్ల భూమి, దివానీ భూమి, జాగీరు భూమి అని నిజాం రెవెన్యూ పుస్తకంలో రాసిన తేడాలే ఇప్పుడు మెట్రో స్టేషన్‌లకూ అపార్ట్‌మెంట్‌లకూ పేర్లయి కూర్చున్నాయి. ఆ జాగీర్ల కోసం నేను కన్నీళ్లు పెట్టను. జాగీర్దారు ముస్లిమైనంత మాత్రాన అతని కింద వెట్టి చేసిన రైతుకు ఒరిగిందేమీ లేదు. ఆ రైతుల్లో, గొర్రెల కాపరుల్లో, రాళ్లు కొట్టేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. ఆ భూమి వాళ్ల చేతికి వచ్చిందా అన్నదే నా ప్రశ్న.

మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఉంది. గుల్బర్గా బందేనవాజ్ వంశం నుంచి వచ్చి, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1560లలో, హుస్సేన్‌సాగర్ తవ్వించిన మనిషి ఆయన. ఊరికి నీళ్లిచ్చిన ఫకీరు. ఉరుసుకు హిందువులూ వస్తారు. ఈ దర్గా ఆస్తి 1989 గెజిట్‌లో 5506 చదరపు గజాలు. 2006లో వక్ఫ్ బోర్డు దాన్ని సవరించి 1654 ఎకరాలు అంది. అప్పటికే ఆ ఎకరాల్లో ఐటీ కంపెనీలకు, బిజినెస్ స్కూలుకు, ఆకాశహర్మ్యాలకు, 18 రంధ్రాల గోల్ఫ్ మైదానానికి ప్రభుత్వం భూములు ఇచ్చేసింది. 1998లో పుట్టిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఆ జాబితాలోదే. మన భాషకు గూడు కట్టింది మన దర్గా దావాలో ఉన్న భూమి మీద! పదహారేళ్లు నడిచిన తగాదాను 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తేల్చింది. 2006 సవరణ చెల్లదు, భూమి ప్రభుత్వానిదే అంది. వక్ఫ్ బోర్డుల నిర్వాకం తెలిసినవాడిగా ఆ 1654 ఎకరాలు వాళ్ల చేతికి వచ్చి ఉంటే పేద ముసల్మానుకు దక్కి ఉండేదని నేను నమ్మను. కానీ గోల్ఫ్ బంతి పడే గుంటకూ ముజావర్ ఇంటికీ మధ్య ఆ భూమి ఎట్లా చేతులు మారిందో ఎవరో ఒకరు రాసి పెట్టాలి కదా.

ఆటల పేరుతో ఈ ప్రాంతం తిరగబడింది 2002లో. ఆ డిసెంబర్‌లో 32వ జాతీయ క్రీడలు, 2003 అక్టోబర్‌లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ మిలిటరీ క్రీడలు. రాళ్ల గుట్టల మధ్య అథ్లెటిక్ స్టేడియం లేచింది. దానికి అదే ఏడాది హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి పేరు పెట్టారు. దళితుడి పేరు ఒక పెద్ద కట్టడం మీద ఉండటం సంతోషమే. క్రీడాకారులు వచ్చి పోయారు, రోడ్లు ఉండిపోయాయి. రోడ్ల వెంట కంపెనీలు, కంపెనీల వెంట ధరలు. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ మహానగరంలో కలిసింది. క్రీడా అకాడమీలు కడతామన్న ఐఎంజీ భారత అనే కంపెనీతో 2003లో ఒప్పందం కుదిరింది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు ఇస్తామన్నారు. ప్రభుత్వం మారాక 2006లో అది రద్దయింది. కోర్టుల్లో 2024 దాకా నలిగింది. ఆట మొదలు కాలేదు గానీ భూమి చేతులు మారుతూనే ఉంది. 2025లో ఆ 400 ఎకరాల్లోకే బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపింది. చెట్లు కొట్టిన రాత్రుల్లో నెమళ్ల అరుపులు ఫోన్లలో దేశమంతా విన్నది.

అన్నీ బూటకమని అనను. గోపీచంద్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఇక్కడే బ్యాడ్మింటన్ అకాడమీ నిలబెట్టాడు. సైనా, సింధు ఒలింపిక్ పతకాలు అక్కడి చెమటే. 2020లో కరోనా వచ్చినప్పుడు క్రీడాగ్రామంలోని బహుళ అంతస్తుల భవనాన్ని 1500 పడకల ఆస్పత్రిగా మార్చారు. ఆ రోజుల్లో బయట అంబులెన్స్ దగ్గర నిలబడ్డవాళ్లలో ఎవరి మతం ఏదో ఎవరూ అడగలేదు.

మామూలు రోజుల్లో అడుగుతారు. ఈ కొత్త నగరంలో ఇల్లు వెతుక్కున్నప్పుడు ఫోన్‌లో తెలుగు విని ‘రండి, చూడండి’ అన్నవాళ్లు పేరు విని ‘ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చార’న్నారు. ‘నాన్‌వెజ్ తింటారా’ అని అడిగేది కోడి గురించి కాదని మీకూ తెలుసు. అందుకే గచ్చిబౌలిలో పనిచేసే ముస్లిం కుర్రవాళ్లు చాలామంది రాత్రికి టోలిచౌకి చేరతారు. మ్యాచ్ ఉన్న రోజు ఆఫీసులో మన మొహం చదువుతారు. 2021 అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో జట్టంతా ఓడితే తిట్లు తిన్నది మహమ్మద్ షమీ ఒక్కడు. ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్ వికెట్ తీస్తే ‘మన హైదరాబాదీ’. నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయితే ‘మన తెలంగాణ బిడ్డ’. గెలిచినంతసేపూ ‘మన’. బంగారం తేలేని మిగతా లక్షల మంది ఈ ‘మన’లోకి ఏ గేటు నుంచి రావాలి?

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. గచ్చిబౌలి స్టేడియమే ఇల్లు. 2022లో దేశపు లీగ్ గెలిచింది. రహీం సాబ్ ఊరికి మళ్లీ మంచిరోజులు వచ్చాయనుకున్నాం. డబ్బు కష్టాల్లో పడి, చేతులు మారి, 2025లో పేరుతో సహా ఢిల్లీకి తరలిపోయింది. హబీబ్ ఒక్కడే కలకత్తా పోయాడనుకుంటే ఈసారి క్లబ్బే పోయింది.

మా జిల్లాలో ఇంకో రకం చూశాను. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ అనంతపురంలో క్రీడాగ్రామం కట్టింది. నగరం కోసం కట్టింది కాదు, కరువు పల్లెల పిల్లల కోసం కట్టింది. 2010లో రఫెల్ నాదల్ వచ్చి టెన్నిస్ బడి తెరిచాడు. వేరుశనగ చేలల్లో పెరిగిన పిల్లలు అక్కడ రాకెట్ పట్టుకున్నారు. చుట్టూ ఆకాశహర్మ్యాలు లేవలేదు. ఆట కోసం భూమి అడిగితే ఆటే ఆడించవచ్చని అక్కడ చూశాను.

ఇక్కడ ఇప్పుడు ఖాళీ జాగా కనిపిస్తే వల కట్టి, పచ్చ చాప పరిచి, గంటకు ఇంత అని అద్దెకిస్తున్నారు. టోలిచౌకి పిల్లలు పది మంది తలా కొంత వేసుకుని రాత్రి పదకొండు తర్వాత వస్తారు. అప్పుడు రేటు తక్కువ. వాళ్లలో ఒకణ్ణి రహీం సాబ్ తెలుసా అని అడిగాను. ‘అజయ్ దేవగణ్ పిక్చరే కదా అంకుల్’ అన్నాడు. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా వాడు చూశాడు. ఆ సినిమాలోని మనిషి ఈ ఊరివాడేనని, ఇక్కడి బడిలో పాఠాలు చెప్పాడని వాడికి తెలియదు. చెప్పాను. బంతి పక్కవాడికి అందించి, ‘సచ్?’ అన్నాడు.