తాపీతీరమున అసిసి సన్యాసులు

అడాజన్ నుండి తాపీనదిని దాటినచో ఆవలి గట్టున సూరతు పాతకోట కానవచ్చును. మొగలాయి పాదుషాల కాలమున ఆ రేవు పశ్చిమ సముద్రమునకు సింహద్వారము. నూలు వస్త్రములు, నీలిమందు కొనుటకై ఇచ్చటికి వచ్చిన ఇంగ్లీషు, డచ్చి వర్తకుల గాథలు అందఱు నెఱిగినవే. ఏమియు కొనక, ఏమియు అమ్మక, నడుమునకు త్రాడు బిగించి వచ్చిన సన్యాసుల గాథ అంతగా ప్రచారములోనికి రాలేదు. వారు ఫ్రాన్సిస్కను సంఘమునకు చెందిన కపూచిన్ శాఖవారు.

ఈ సంఘమునకు మూలపురుషుడు ఇటలీ దేశమందలి అసిసి పట్టణమున జన్మించిన ఫ్రాన్సిస్. అతడు ధనికుడైన బట్టల వర్తకుని కుమారుడయ్యును, తండ్రి యాస్తిని త్యజించి భిక్షాన్నముతో జీవించుచు సువార్తను బోధించెను. 1209లో పోపు మూడవ ఇన్నోసెంటు అతని జీవనవిధానమును నోటిమాటగా అంగీకరించెను. 1223లో పోపు మూడవ హొనోరియసు నియమావళిని లిఖితముగా స్థిరపఱచెను. అంతకుముందు క్రైస్తవ సన్యాసులు పెక్కురు మఠములందే నివసించి, మఠభూముల ఫలసాయముతో కాలము గడపెడివారు. ఫ్రాన్సిస్ అనుచరులకు వ్యక్తిగా గాని, సంఘముగా గాని ఆస్తి యుండరాదు. కట్టి నిలుపు భూమి లేనందున వారు ఎచ్చటికైనను పోగలిగిరి. సంఘము శీఘ్రముగా వ్యాపించుటకు ఇదియొక ముఖ్యకారణము. 1219లో క్రూసేడు యుద్ధము సాగుచుండగనే ఫ్రాన్సిస్ ఈజిప్టు సుల్తాను అల్ కామిల్ సమక్షమునకు పోయి, సంభాషించి, క్షేమముగా తిరిగివచ్చెను.

అయితే వృద్ధియే సంఘమునకు పరీక్షయయ్యెను. భక్తులు ఆలయములను, వసతి గృహములను కట్టించి యిచ్చిరి. వానిని అనుభవించుట వ్రతభంగమా, కాదా యని వివాదము పుట్టెను. కఠిన నియమమును కోరినవారిలో తొలెంతీనో పుర నివాసి తోమాసు ఒకడు. ఆ పట్టుదలకై అతడు స్వసంఘపు పెద్దలచేతనే చెఱసాల పాలయ్యెను. విడుదలయైన పిదప ఆర్మీనియాకు, అటనుండి తూర్పుదేశములకు పయనించెను. 1321లో ముగ్గురు సహచరులతో ఓడపై ఠాణా చేరెను. వారితో వచ్చిన జోర్డాను అను డొమినికను సన్యాసి భరూచి వైపు వెడలియుండగా, ఖాజీ యెదుట జరిగిన మతవాదము ముదిరి నలుగురును వధింపబడిరి. జోర్డాను వారిని సోపారాలో ఖననము చేసెను. కొలది యేండ్లకు ఒడోరికు అను ఫ్రాన్సిస్కను యాత్రికుడు ఆ యస్థికలను చీనాదేశమునకు గొనిపోయెను. అచ్చట అప్పటికే సంఘమునకు నివాసములు కలవు.

పోర్చుగీసువారు వచ్చిన పిదప పరిస్థితి మాఱెను. 1500లో కబ్రాల్ నౌకలతోనే ఫ్రాన్సిస్కనులు మలబారు చేరిరి. 1510లో అల్బుకర్కు లూయీ అను ఫ్రాన్సిస్కనును శ్రీకృష్ణదేవరాయల యాస్థానమునకు దూతగా పంపగా, అతడు విజయనగరముననే హతుడయ్యెను. 1530లో పోర్చుగీసు నౌకాదళము సూరతును, అడాజన్ సమీపమందలి రాందేరును తగులబెట్టెను. ఫిరంగి వెనుక నడచు సన్యాసిని జనులు సన్యాసిగా భావించుట కష్టము.

అదే కాలమున ఇటలీలో కొందఱు ఫ్రాన్సిస్కనులు తొలి నియమమునకు మరలవలెనని ఉద్యమించిరి. వారికి 1528లో పోపు ఏడవ క్లెమెంటు అనుమతి నొసగెను. వారు ధరించు మొనదేలిన ముసుగును బట్టి కపూచినులను పేరు వచ్చెను. ఫ్రాన్సు దేశపు కపూచినులు 1640 ప్రాంతమున సూరతున నిలిచిరి. వారిలో ఎఫ్రేము అను నతడు పెగూ దేశమునకు పోదలచి, గోలకొండ మీదుగా మచిలీపట్టణము చేరెను. ఓడ దొరకకపోగా 1642లో చెన్నపట్టణపు కోటలో నిలిచి, ఆలయమును, పాఠశాలను నడపెను. ప్రొటెస్టెంటులైన ఇంగ్లీషువారు అతనిని ఆదరింపగా, స్వమతస్థులైన పోర్చుగీసువారే 1649లో బంధించి గోవా మతవిచారణ సభకు అప్పగించిరి. అతని విడుదలకై గోలకొండ సుల్తాను ఒత్తిడి తెచ్చెనని యాత్రికుడు టావెర్నియే వ్రాసెను. మహమ్మదీయ ప్రభువు క్రైస్తవ సన్యాసికై పూనుకొనుట గమనింపదగినది.

1664 జనవరిలో శివాజీ సూరతును కొల్లగొట్టెను. ఇంగ్లీషు, డచ్చి వర్తకులు తమ కోఠీలను ఆయుధములతో కాపాడుకొనిరి. ఆంబ్రోసు గురువు నడపు కపూచినుల నివాసమునకు ఆయుధములు లేవు. ఫిరంగి పాద్రీలు మంచివారనియు, వారిని బాధింపరాదనియు శివాజీ ఆజ్ఞాపించినట్లు బెర్నియే అను ఫ్రెంచి వైద్యుడు వ్రాసియున్నాడు. దానశీలుడని పేరుపొంది అప్పటికే మరణించిన ఒక హిందూ దలాలీ యింటిని కూడ శివాజీ విడిచిపుచ్చెనని ఆయనయే తెలిపెను. అనగా ఆ మన్నన మతమునకు గాక, నడవడికి దక్కినది.

పేదఱికము ప్రాణరక్ష కాదని ఠాణా చాటినది. రాజ్యమును ఆశ్రయించిన మతము స్వమతస్థునైనను బంధించునని గోవా చాటినది. ఏమియు కోరని వానిని ఇరుగుపొరుగువారు ఎఱుగుదురనియు, ఆ యెఱుకయే ఆపదలో అడ్డుగోడ కాగలదనియు సూరతు చాటినది. తోమాసు చెఱసాలలో పట్టి నిలిపిన వ్రతము, మూడు శతాబ్దులు గడచిన పిమ్మట, తాపీగట్టున ఒక తలుపును తెఱవనీయక కాచినది.