నిర్మాణ లియన్, పేమెంట్ బాండు: అమెరికాలో గడువుల చరిత్ర

ఇల్లు కట్టిన కాంట్రాక్టరుకో, కలప, సిమెంటు పోసిన వ్యాపారికో డబ్బు అందనప్పుడు ఆ కట్టడాన్నీ అది నిలిచిన స్థలాన్నీ కోర్టు ద్వారా అమ్మించి బాకీ రాబట్టుకునే హక్కును అమెరికాలో మెకానిక్స్ లియన్ అంటారు. ప్రభుత్వ భవనాన్ని అలా వేలం వేయించడం కుదరదు. కనుక అక్కడ లియన్‌కు బదులు పేమెంట్ బాండు ఉంటుంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే జామీను నిలిచిన ష్యూరిటీ కంపెనీ చెల్లిస్తుంది. రెండింటికీ గడువులు చాలా బిగువు. మామూలు బాకీ దావాకు ఏళ్ల వ్యవధి ఉంటే వీటికి నెలలే, ఒక్కోసారి వారాలే. గడువు ఎంత అన్నది చట్టంలో అంకెల్లోనే ఉంటుంది; అది ఏ రోజు మొదలవుతుందన్నదే రెండు శతాబ్దాలుగా తెగని తగవు.

పుట్టుక

ఇంగ్లండు కామన్ లా ప్రకారం పనివాడి హక్కు వస్తువు తన చేతిలో ఉన్నంతవరకే. దర్జీ కూలి ముట్టేదాకా బట్ట ఇవ్వకుండా పట్టుకోవచ్చు. తాపీమేస్త్రీకి ఆ వీలు లేదు. గోడలో చేరిన ఇటుక అప్పటికే స్థలం యజమానిది. ఈ లోటును పూడ్చే చట్టం అమెరికాలో రాజధాని కట్టే తొందరలో పుట్టింది. 1791లో పొటోమాక్ ఒడ్డున వాషింగ్టన్ నగరానికి స్థలాలు కొలిచి అమ్ముతున్నారు. కొన్నవాళ్ల దగ్గర కట్టడానికి రొక్కం తక్కువ. అరువు మీద పని చేయడానికి మేస్త్రీలు ముందుకు రావాలంటే వాళ్లకు ఏదో ఒక భరోసా చూపించాలి. నగర కమిషనర్లు, థామస్ జెఫర్సన్, జేమ్స్ మాడిసన్ కలిసి ఆలోచించిన దరిమిలా మేరీలాండ్ శాసనసభ ఆ డిసెంబరులో తొలి లియన్ చట్టం చేసింది. పనివాళ్ల మీద జాలి కంటే స్థలాల అమ్మకం ముందుకు సాగాలన్న అవసరమే దీని వెనుక బలంగా ఉందనిపిస్తుంది. 1803లో పెన్సిల్వేనియా అదే దారి పట్టింది. తరవాత ఒక్కొక్కటిగా అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేసుకున్నాయి. టెక్సస్ 1876లోనూ, కాలిఫోర్నియా 1879లోనూ ఈ హక్కును ఏకంగా తమ రాజ్యాంగాల్లోకే ఎక్కించాయి.

గడువు ఎందుకు చిన్నది

ఇది పరాయివాడి ఆస్తి మీద హక్కు. పైగా చాలా రాష్ట్రాల్లో పని మొదలయ్యాక, లియన్ కంటే ముందు రిజిస్టరుకెక్కిన తనఖాను సైతం వెనక్కి నెట్టి పని మొదలైన నాటి నుంచే ప్రాధాన్యం పొందగలదు. ఇల్లు కొనేవాడికీ, అప్పిచ్చే బ్యాంకుకూ ఇది కనబడని ముప్పు. యజమాని ప్రధాన కాంట్రాక్టరుకు పైసా మిగల్చకుండా చెల్లించినా, ఆ కాంట్రాక్టరు తన కింది పనివాళ్లకు ఎగ్గొడితే యజమాని రెండోసారి చెల్లించాల్సి రావచ్చు. ఇంత పదునైన హక్కుకు ఒరగా అమర్చినదే గడువు. అందుకే పనివాళ్లకు మేలు చేసే చట్టమని ఉదారంగా చదివే కోర్టులు కూడా తేదీల దగ్గర మాత్రం కనికరించవు.

రాష్ట్రాల లెక్కలు

ఎవరి లెక్క వారిది. న్యూయార్క్‌లో ఆఖరి పని తరవాత ఎనిమిది నెలల్లో లియన్ దాఖలు చేయాలి. ఒకే కుటుంబం ఉండే ఇల్లయితే నాలుగు నెలలే. పొడిగించుకోకుండా, దావా కూడా వేయకుండా ఉంటే అది ఏడాదికి చచ్చిపోతుంది. ఫ్లోరిడాలో పని మొదలెట్టిన 45 రోజుల్లో యజమానికి నోటీసు, ఆఖరి పని నుంచి 90 రోజుల్లో నమోదు, ఆపైన ఏడాదిలో దావా.

కాలిఫోర్నియా పద్ధతిని దగ్గరగా చూస్తే ఈ యంత్రం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. టైల్స్ అమ్మే ఒక వ్యాపారి ఒక సబ్ కాంట్రాక్టరుకు మార్చి 1న సరుకు దించాడనుకుందాం. 20 రోజుల్లో, అంటే మార్చి 21 లోగా యజమానికి, ప్రధాన కాంట్రాక్టరుకు, అప్పిచ్చిన సంస్థకు ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఆలస్యమైతే హక్కు మొత్తం పోదు గానీ, నోటీసుకు ముందు 20 రోజుల వెనక దించిన సరుకు లెక్కలోకి రాదు. జూన్ 30న కట్టడం పూర్తయితే లియన్ నమోదుకు 90 రోజులు, అంటే సెప్టెంబరు 28 దాకా వ్యవధి ఉంది. కానీ యజమాని జూలై 10న పని పూర్తయినట్టు ప్రకటన రిజిస్టరు చేయిస్తే ఆ వ్యవధి 30 రోజులకు కుంచించుకుపోతుంది. ఆగస్టు 9 ఆఖరి రోజు. ప్రధాన కాంట్రాక్టరుకైతే అదే పరిస్థితిలో 60 రోజులు. వ్యాపారి ఆగస్టు 5న లియన్ నమోదు చేశాడనుకున్నా పని తీరలేదు. మళ్లీ 90 రోజుల్లో, నవంబరు 3 లోగా దావా పడాలి. ఆ రోజు దాటితే లియన్ చెల్లదు. బాకీ మిగులుతుంది, దానికోసం సరుకు ఎవరికి అమ్మాడో వాడి వెంటే పడాలి.

యజమాని చేతిలోనూ ఆయుధాలున్నాయి. ఫ్లోరిడాలో లియన్‌ను సవాలు చేస్తూ నోటీసు రిజిస్టరు చేయిస్తే ఏడాది గడువు 60 రోజులవుతుంది. ఇల్లినాయ్‌లో దావా వెయ్యమని యజమాని లిఖితంగా అడిగితే 30 రోజుల్లో వెయ్యాలి, లేకపోతే హక్కు పోయినట్టే. తపాలా పెట్టె తెరవని వ్యాపారి మునిగిపోయేది ఇలాంటి చోటే.

చట్టాలు సులువు చేసే ప్రయత్నాలూ జరిగాయి. నెలల లెక్కతో తలనొప్పి తెప్పించే టెక్సస్ చట్టాన్ని 2021లో సవరించారు. 2022 జనవరి 1 నుంచి కుదిరిన కాంట్రాక్టులకు, గడువు శని, ఆదివారాల్లో గానీ సెలవు రోజున గానీ పడితే మరుసటి పనిదినం దాకా వ్యవధి ఉంటుంది. ఇంత చిన్న వెసులుబాటుకు కూడా ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది.

ప్రభుత్వ పనులు: హర్డ్ చట్టం నుంచి మిల్లర్ చట్టం దాకా

కేంద్ర ప్రభుత్వ కట్టడాలకు తొలి రక్షణ 1894 నాటి హర్డ్ చట్టం. అందులో బాండు ఒక్కటే. ప్రభుత్వమూ, పనివాళ్లూ అందులోంచే తీసుకోవాలి. 1905 సవరణ ప్రభుత్వానికి మొదటి వరస ఇచ్చింది. పని పూర్తయి లెక్కలు తేలాక ఆరు నెలల పాటు ప్రభుత్వం దావా వేయకుండా ఉంటేనే మిగతావాళ్లు వేయాలి, అదీ ఏడాదిలోగా. ఈ చట్టం కింద ఆలస్యం చేసినవాడే కాదు, తొందరపడ్డవాడూ నష్టపోయాడు. ఆరు నెలలు నిండకముందే దావా వేసిన టెక్సస్ పోర్ట్‌లాండ్ సిమెంట్ కంపెనీ 1914లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది.

1935లో వచ్చిన మిల్లర్ చట్టం బాండును రెండుగా విడగొట్టింది: పని పూర్తి చేస్తామన్న హామీ ప్రభుత్వానికి, చెల్లింపు హామీ పనివాళ్లకు. ప్రభుత్వం కోసం కాచుకునే బాధ పోయింది. గడువు మాత్రం కాంట్రాక్టు తుది లెక్క తేలిన రోజు నుంచి ఏడాది అన్నారు. ఆ తేదీ ప్రభుత్వ కార్యాలయం ఫైళ్లలో ఉంటుంది. పునాదులు తవ్వి ఎప్పుడో వెళ్లిపోయినవాడికి అదెలా తెలుస్తుంది? 1959 సవరణ దీన్ని సరిదిద్ది, హక్కుదారు తాను ఆఖరి పని చేసిన లేదా ఆఖరి సరుకు దించిన రోజు నుంచి ఏడాది అని మార్చింది. ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన మార్పు ఇదే అనాలి. తన గడియారం తన చేతికే వచ్చింది.

ప్రధాన కాంట్రాక్టరుతో నేరుగా ఒప్పందం లేనివాడు ఆఖరి పని నుంచి 90 రోజుల్లో అతనికి నోటీసు పంపాలి. మొదట రిజిస్టర్డ్ పోస్టు అని ఉండేది. నోటీసు చేరిందని రుజువైతే పంపిన పద్ధతిని పట్టి హక్కు తీసేయకూడదని 1940లో సుప్రీంకోర్టు తేల్చింది. మూడో మనిషి ద్వారా అందినట్టు లిఖిత ఆధారం ఉండే ఏ పద్ధతైనా చాలని 1999 సవరణ ఒప్పుకుంది. ఇక సరఫరాదారుకు సరుకు అమ్మినవాడికి అసలు హక్కే లేదని 1944 నాటి మెక్‌ఎవోయ్ తీర్పు గీత గీసింది.

ఆఖరి పని ఏది అన్న గొడవ మాత్రం తీరలేదు. ఏడాది దాటిపోతోందని గ్రహించిన సబ్ కాంట్రాక్టరు ఒక మనిషిని పంపి వదులైన తలుపు బందు బిగించి, అదే ఆఖరి రోజంటాడు. అది ఒప్పందంలోని అసలు పనా, చేసిన పనిలో లోపం సరిదిద్దడమా అని కోర్టులు చూస్తాయి. మరమ్మతు అయితే గడియారం వెనక్కి తిరగదు.

భారతదేశంలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా భారతదేశంలో ఇల్లు కట్టినవాడికి ఆ ఇంటి మీద ఇలాంటి లియన్ ఇచ్చే చట్టం లేదు. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను చేతికిచ్చిన వస్తువులను పట్టి ఉంచుకోవడానికే పనికొస్తుంది. చెల్లింపు తేదీ ఒప్పుకోని పని తాలూకు డబ్బుకు 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లు గడువు. సరుకు సరఫరా చేసే నమోదిత సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 చట్టం 45 రోజుల్లో చెల్లింపును, ఆలస్యమైతే చక్రవడ్డీని ఇస్తోంది. ఆ హక్కు కొనుగోలుదారు మీదే, కట్టడం మీద కాదు.