లాప్‌టాపు ప్రాసెసరు, డెస్క్‌టాపు ప్రాసెసరు: వేడిమితో పోరాటం

లాప్‌టాపు ప్రాసెసరు డెస్క్‌టాపు ప్రాసెసరుకు బలహీనుడైన తమ్ముడని చాలాకాలం అందరూ అనుకొనేవారు. 1990 దశకంలో ఈ అభిప్రాయం చాలవరకు నిజమే. డెస్క్‌టాపు కోసం రూపొందించిన నమూనానే తీసుకొని, వోల్టేజి తగ్గించి, వేగం కుదించి లాప్‌టాపులో అమర్చడం ఆనాటి సాధారణ పద్ధతి. ఇది తయారీదారుల పిసినారితనం కాదు. దీని వెనుక భౌతికశాస్త్రపు నిర్బంధం ఒకటి ఉన్నది.

ప్రాసెసరులోని ట్రాన్సిస్టరు స్థితి మారిన ప్రతిసారీ అతి స్వల్పమైన విద్యుదావేశం నిండడమో, ఖాళీ కావడమో జరుగుతుంది. చిన్న కండెన్సరును నింపి ఒలకబోయడం వంటిదే ఇది. ఇందుకు ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఈ పని సెకనుకు ఎన్ని ఎక్కువసార్లు జరిగితే ఖర్చు అన్ని రెట్లవుతుంది. అనగా ప్రాసెసరు తీసుకొనే సామర్థ్యం వోల్టేజి వర్గానికీ, పౌనఃపున్యానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ శక్తి అంతా చివరకు వేడిమిగా మారవలసిందే. డెస్క్‌టాపు పెట్టెలో లోహపు రెక్కలూ, పెద్ద పంకా పెట్టి ఆ వేడిని వెళ్లగొట్టవచ్చు. పలక వంటి లాప్‌టాపులో అంత చోటేదీ? పైగా బాటరీలో ఉన్న శక్తి పరిమితం.

2000 జనవరిలో ఇంటెల్ కంపెనీ లాప్‌టాపుల కోసం విడుదల చేసిన పెంటియం 3 ఇందుకు చక్కని ఉదాహరణ. గోడ ప్లగ్గు నుండి విద్యుత్తు అందినంతసేపు అది 1.6 వోల్టుల మీద 650 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసేది. ప్లగ్గు తీసి బాటరీ మీద నడిపితే 1.35 వోల్టులకు, 500 మెగాహెర్ట్జ్‌కు తనంతట తానే దిగేది. విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చు. వోల్టేజిల నిష్పత్తి వర్గం సుమారు 0.71, వేగాల నిష్పత్తి 0.77, వీటి లబ్ధం 0.55. వేగంలో నూటికి 23 పాళ్లు వదులుకొంటే విద్యుత్తులో 45 పాళ్లు మిగిలింది! ఇదే లెక్కను తలక్రిందులు చేసి చూస్తే, వేగంలో చివరి కొసరుకే అత్యధిక మూల్యం చెల్లించవలసి వస్తుందని తెలుస్తుంది.

డెస్క్‌టాపు రంగంలో ఆ రోజులలో ఈ మూల్యాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 2000 నవంబరులో వచ్చిన పెంటియం 4 గిగాహెర్ట్జ్‌ల పందెం కోసమే పుట్టిందనవచ్చు. పెంటియం 3లో ఒక ఆదేశం సుమారు పది అంచెలలో పూర్తయితే, దీనిలో ఇరవై అంచెలు. ఊరిలో గడ్డివాము అంటుకొన్నప్పుడు బావి నుండి మనుష్యులు వరుసగా నిలబడి కడవలు అందించుకొంటారు గదా! వరుసలో ఎక్కువమంది ఉంటే ఒక్కొక్కరు కదలవలసిన దూరం తక్కువ; కడవలు త్వరత్వరగా సాగుతాయి. కాని మంట ఈ వామిది కాదు, ఆ వామిదని మధ్యలో తెలిస్తే వరుసలోని కడవలన్నీ వృథా. ప్రాసెసరు కూడ ముందు రాబోయే ఆదేశాలను ఊహించి పని మొదలుపెడుతుంది. ఊహ తప్పితే అంచెలలో ఉన్న పనినంతా పారవేయక తప్పదు. అంచెలు పెరిగిన కొద్దీ ఈ నష్టమూ పెరుగుతుంది. 2002 చివర వచ్చిన 3.06 గిగాహెర్ట్జ్ పెంటియం 4కు కేటాయించిన వేడిమి పరిమితి 82 వాట్లు.

ఆ సమయంలో ఇజ్రాయెల్ దేశపు హైఫా నగరంలోని ఇంటెల్ ఇంజనీర్లు లాప్‌టాపు కోసమే వేరొక ప్రాసెసరును రూపొందిస్తున్నారు. వారికి వాట్లు తక్కువ కనుక గిగాహెర్ట్జ్‌ల పందెంలో దిగే అవకాశమే లేదు. పాత పెంటియం 3 వంశాన్నే ఆధారంగా తీసుకొన్నారు. అంచెలు మితంగా ఉంచి, ఊహ తప్పకుండా ఉండే ఏర్పాట్లు మెరుగుపరచారు. వెంటనే అవసరమయ్యే సమాచారం కోసం ఒక మెగాబైటు కాష్ జ్ఞాపకాన్ని ప్రాసెసరులోనే చేర్చారు. 2003 మార్చిలో వెలువడిన ఈ పెంటియం ఎం వేగం 1.6 గిగాహెర్ట్జ్, వేడిమి పరిమితి 24.5 వాట్లు. అయినా చాలా పరీక్షలలో అది 2.4 గిగాహెర్ట్జ్ లాప్‌టాపు పెంటియం 4తో సమానంగా నిలిచింది. చలనచిత్రాలను కుదించడం వంటి, ఊహకు తావులేని ఏకధాటి పనులలో మాత్రం పెంటియం 4 బలం పెంటియం 4దే.

గిగాహెర్ట్జ్ సంఖ్య చూసి వేగాన్ని అంచనా కట్టే అలవాటుకు ఇది గట్టి దెబ్బ. ఇంటెల్‌కూ ఇరకాటమే. 2.4 కంటె 1.6 మేలని దుకాణదారునికి నచ్చజెప్పడం ఎట్లా? 2004లో ఆ కంపెనీ ప్రాసెసర్లకు గిగాహెర్ట్జ్‌తో నిమిత్తంలేని నమూనా సంఖ్యలు పెట్టసాగింది.

ఆ సంవత్సరమే డెస్క్‌టాపు దారి మూసుకుపోయింది. ఫిబ్రవరిలో వచ్చిన కొత్త పెంటియం 4లో అంచెలు 31కి పెరిగాయి; వేడిమి పరిమితి 115 వాట్ల వరకు పోయింది. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవి కావడంతో, పనిలేనప్పుడు కూడ వాటినుండి విద్యుత్తు కారిపోసాగింది. వాగ్దానం చేసిన 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసరును ఇంటెల్ 2004 అక్టోబరులో విరమించుకొన్నది. దాని అధినేత క్రెయిగ్ బారెట్ నిండు సభలో మోకాళ్లమీద నిలబడి, పరిహాసంగానే అయినా, క్షమించమని కోరవలసి వచ్చింది. 2005లో ఆసుస్ కంపెనీ ఒక చిన్న అమరికను అమ్మింది. దాని సాయంతో పెంటియం ఎంను డెస్క్‌టాపు బోర్డులో బిగించవచ్చు. ఎవరు ఎవరికి తమ్ముడో తేలని స్థితి!

2006 జులైలో వచ్చిన కోర్ 2 డ్యుయో హైఫాలోనే రూపొందింది. పెంటియం ఎం సంప్రదాయానిదే. ఒకే నమూనాను ఈసారి రెండు రంగాలకూ వాడారు: లాప్‌టాపుకు 34 వాట్లు, డెస్క్‌టాపుకు 65 వాట్లు. అంతకు ముందటి డెస్క్‌టాపు పెంటియం డి 95 నుండి 130 వాట్లు మ్రింగేది. 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 డ్యుయో, 3.6 గిగాహెర్ట్జ్ పెంటియం డిని దాదాపు అన్ని పనులలోను మించిపోయింది.

ఐతే భేదం పూర్తిగా చెరిగిపోలేదు. మరొక చోటికి జరిగింది. 2022లో వచ్చిన డెస్క్‌టాపు కోర్ ఐ9-13900కే, 2023లో వచ్చిన లాప్‌టాపు కోర్ ఐ9-13980హెచ్‌ఎక్స్ రెండింటిలోను 24 కోర్‌లు ఉన్నాయి. ఒక్క కోరుతో అయ్యే క్షణకాలపు పనికి గరిష్ఠ వేగం మొదటిదానిలో 5.8, రెండవదానిలో 5.6 గిగాహెర్ట్జ్. ఉత్తరం టైపు చేసేవానికి ఈ తేడా కనబడదు. కాని నిలకడగా పనిచేయడానికి నిర్ణయించిన మూల సామర్థ్యం డెస్క్‌టాపుకు 125 వాట్లు, లాప్‌టాపుకు 55 వాట్లే. అన్ని కోర్‌లూ కలిసి గంటల తరబడి శ్రమించేటప్పుడు లాప్‌టాపు వెనుకబడక తప్పదు.

2020 నవంబరులో ఆపిల్ కంపెనీ తన ఎం1 ప్రాసెసరును మాక్‌బుక్ ఎయిర్ లాప్‌టాపులోను, మాక్ మినీ డెస్క్‌టాపులోను కూడ అమర్చింది. మినీలో పంకా ఉన్నది, ఎయిర్‌లో లేదు. బరువైన పని అప్పగిస్తే మొదట కొద్ది నిమిషాలు రెండూ సరిసమానంగా సాగుతాయి. ఆ తరువాత ఎయిర్ వేడెక్కి, వేగం తగ్గించుకొంటుంది.