డాబా మీద కరెంటు వెనక కథ

మా డాబా మీద సోలార్ పలకలు పెట్టించి ఏడాది దాటింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే: "ఎండ వేడికి కరెంటు ఎట్లా పుడతది?" వేడికి కాదండీ, వెలుతురుకి. నిజానికి పలక బాగా వేడెక్కితే కరెంటు తగ్గుతుంది కూడా.

ఈ సంగతి మొదట పట్టుకున్నది ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకరెల్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు, 1839లో. ద్రావణంలో ముంచిన లోహపు రేకుల మీద వెలుగు పడితే కరెంటు పుడుతోందని గమనించాడు. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చగా బంగారు పూత వేసి పలక చేశాడు. పడ్డ వెలుగులో నూటికి ఒక వంతు కూడా సరిగా కరెంటు కాలేదు. అది ఎందుకు పుడుతుందో అర్థమయ్యే దారి 1905లో ఐన్‌స్టీన్ చూపించాడు. ఆయనకి నోబెల్ వచ్చింది దానికే.

అసలు మలుపు 1954. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్‌తో పలక చేశారు. సిలికాన్ అంటే మన ఇసుకలో ఉండేదే. అప్పుడు నూటికి ఆరు వంతులు వచ్చింది, ఇప్పటి పలకలకి ఇరవై దాటుతోంది. అప్పట్లో దాని ఖరీదు ఎంతంటే, ఇంటికంటే ముందు ఆకాశానికెక్కింది. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహానికి పెట్టారు. ఇళ్ల మీదికి దించింది ఎక్కువగా జర్మనీ వాళ్లు. 1990లో వెయ్యి ఇళ్ల పథకం పెట్టారు, 2000లో ఇంటి కరెంటుని కంపెనీలు కొనాలని చట్టం చేశారు. గిరాకీ పెరిగింది, చైనాలో ఫ్యాక్టరీలు లేచాయి, ధర పడిపోయింది. మన దగ్గర 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చింది. మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ.

పలకలో పుట్టేది బ్యాటరీ కరెంటు లాంటిది. ఇన్వర్టర్ దాన్ని ఇంటి కరెంటుగా మారుస్తుంది. మనం వాడగా మిగిలింది లైన్లోకి పోతుంది, నెట్ మీటరు లెక్క రాస్తుంది.

ఇక్కడే నేను మోసపోయాను. ఇక కరెంటు పోదనుకుని పాత బ్యాటరీ అమ్మేశాను. మొన్న వేసవిలో మిట్టమధ్యాహ్నం లైను పోయింది. నెత్తిన ఎండ మండుతోంది, ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది! మంచంలో ఉన్న మా అమ్మకి మూడు గంటలు విసనకర్రతో విసిరాం. పెట్టినవాడికి ఫోన్ చేసి తిట్టాను. సాయంత్రం స్తంభం దిగిన లైన్‌మన్ ఒక్క మాటన్నాడు: "బాబాయ్, లైను చచ్చిందని నేను తీగ పట్టుకున్నప్పుడు నీ డాబా కరెంటు అందులోకొస్తే నా పిల్లల గతేంటి?"

నా నోరు పడిపోయింది. లైను పోతే ఇన్వర్టర్ తనంతట తను ఆగేది అందుకేనట. తప్పు యంత్రానిది కాదు, ముందు చెప్పనివాడిది, అడగని నాది.

కాబట్టి సంతకం పెట్టేముందు రెండు అడగండి: డాబా మీద చెట్టు నీడ ఎన్ని గంటలు పడుతుంది? కరెంటు పోతే ఇంట్లో ఏం వెలుగుతుంది? ముసలివాళ్లు, రోగులు ఉన్న ఇల్లైతే బ్యాటరీ మాత్రం అమ్ముకోకండి.